పాప ఆడుతోంది, మార్కులు కదలడం లేదు: ఆటలతో లెక్కలు చెప్పడం గురించి

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ. పాప మూడో తరగతి, బెంగళూరులో సీబీఎస్ఈ స్కూలు. లెక్కల పుస్తకం తీస్తే చాలు కడుపునొప్పి అంటుంది. ఆటలతో నేర్పమని ఎవరో చెబితే ఆన్‌లైన్‌లో మూడు బోర్డు గేములు తెప్పించి రెండు నెలలుగా రోజూ సాయంత్రం ఆడిస్తున్నారు. పాప హుషారుగా ఆడుతోంది గానీ మొన్నటి టెస్టులో మళ్ళీ 20కి 8. తీసివేతలు దాదాపు అన్నీ తప్పే. క్లాస్ టీచర్ వర్క్‌షీట్లు చేయించమంటుంది, మీ అత్తగారు ఎక్కాలు బట్టీ పట్టించమంటున్నారు, మీ ఆయన అబాకస్‌లో చేర్పిద్దామంటున్నారు. ఇక ఈ ఆటలు ఆపెయ్యాలా అని.

ఆపొద్దమ్మా. కానీ ఇప్పుడు ఆడిస్తున్నట్టే ఇంకో రెండు నెలలు ఆడించినా మార్కులు అక్కడే ఉంటాయి. ఆట దానంతటదే లెక్కలు నేర్పదు. ఆడేటప్పుడు పిల్ల నోట ఏ అంకె పలుకుతుంది, ఆట అయ్యాక కాగితం మీద ఏం పడుతుంది, ఈ రెండూ లేకపోతే అది ఉత్త కాలక్షేపం. కాలక్షేపం తప్పని కాదు, దానికీ చోటుంది, కానీ దాన్ని పట్టుకుని తీసివేతలు ఎందుకు రాలేదని అడగకూడదు.

నాది హిందూపురం. పెళ్ళయి బెంగళూరు వచ్చి 26 ఏళ్ళయింది, అందులో 22 ఏళ్ళు ప్రైమరీ పిల్లలకి లెక్కలు చెప్పాను. ఇప్పుడు బడి మానేశాను గానీ ఆదివారాలు రామమూర్తినగర్‌లో మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో పదీ పన్నెండు మంది పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఆడిస్తుంటాను. తెలుగు, కన్నడ, తమిళం కలగలిసిన గుంపు, కొట్టుకునేటప్పుడు మాత్రం అందరూ ఇంగ్లీషే.

మొదట్లో నేనూ మీలాగే పొరబడ్డాను. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో రెండో తరగతి కోసం పాములు-నిచ్చెనల బోర్డులు ఎనిమిది కొనుక్కెళ్ళాను. శుక్రవారం ఆఖరి పీరియడ్ అదే. గోల ఎంతంటే పక్క సెక్షన్ మిస్ వచ్చి మా తలుపు మూసి వెళ్ళేది. నేనైతే ఏదో పెద్ద ఘనకార్యం చేస్తున్నాననుకున్నాను. నెల తర్వాత 38కి 6 కలపమంటే అందరూ మళ్ళీ వేళ్ళు మడిచి ఒకటి నుంచే మొదలు. ఎందుకిలా అని ఒక శుక్రవారం ఏమీ మాట్లాడకుండా ఒక అబ్బాయి పక్కన కూర్చుని చూశాను. కాయ 27లో ఉంది. పాచిక 4 పడింది. 'వన్, టూ, త్రీ, ఫోర్' అంటూ నాలుగు గళ్ళు జరిపి, ఆగిన చోట పాముందా నిచ్చెనుందా అని చూశాడు. వాడు 27నీ చూడలేదు, 31నీ చూడలేదు. ఆ బోర్డు మీద అంకెలన్నీ చెరిపి పూలబొమ్మలు వేసినా వాడి ఆటకి ఏ లోటూ ఉండేది కాదు.

మరుసటి వారం ఒకే ఒక్క రూలు పెట్టాను. కాయ ఏ గడిలో అడుగు పెడుతుందో ఆ గడి మీది అంకె గట్టిగా చెప్పాలి. 27లో ఉండి 4 పడితే 'ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, ముప్పై, ముప్పై ఒకటి'. చెప్పకుండా జరిపితే ఆ పందెం చెల్లదు. మొదటి రోజు విసుక్కున్నారు, ఆట నత్తనడకైంది. మూడో వారానికి కొంతమంది జరపకముందే ఎక్కడ ఆగుతారో చెప్పేస్తున్నారు. ఎందుకంటే నిచ్చెన 34 దగ్గరుంది, 'నాకు ఏడు కావాలి, పడేది ఆరు దాకానే' అని మొత్తుకోవాలంటే తీసివేత వచ్చి తీరాలి కదా.

ఇదేదో నా సొంత తెలివనుకున్నాను గానీ, తర్వాత తెలిసింది, దీని మీద అమెరికాలో పరిశోధనలే ఉన్నాయని. గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ అని ఇద్దరు 2008లో బడికింకా వెళ్ళని పేదింటి పిల్లలతో ఒక చిన్న ఆట ఆడించారు. ఒకటి నుంచి పది దాకా ఒకే వరసలో గళ్ళు, అంతే. రెండు వారాల్లో నాలుగు సార్లు, సారికి 15-20 నిమిషాలు. ఇంకో గుంపుకి అదే బోర్డు, అంకెల బదులు రంగులు. అంకెల బోర్డు ఆడిన పిల్లలు ఏ అంకె పెద్దదో చెప్పడంలో, లెక్కించడంలో, అంకెలు గుర్తుపట్టడంలో ముందుకెళ్ళారు, తొమ్మిది వారాల తర్వాత చూసినా అది నిలిచే ఉంది. రంగుల బోర్డు వాళ్ళు ఎక్కడివాళ్ళక్కడే. తర్వాత 2014లో సీగ్లరే ఇంకొకరితో కలిసి వంద గళ్ళ బోర్డు పెట్టి చూశాడు. గడి మీది అంకె నుంచి ముందుకు లెక్కపెట్టిన పిల్లలకి ఎక్కువ వచ్చింది, ప్రతిసారీ 'ఒకటి, రెండు' అని మొదలుపెట్టిన వాళ్ళకి తక్కువ. ఆట ఒకటే, బోర్డు ఒకటే, నోట్లో మాట వేరు.

ఇంకో చిన్న సంగతి. బజార్లో దొరికే పాములు-నిచ్చెనల బోర్డు పాములాగే వంకర్లు తిరుగుతుంది. ఒక వరస ఎడమ నుంచి కుడికి, పై వరస కుడి నుంచి ఎడమకి. అందుకని 23 నెత్తి మీద 38 వచ్చి కూర్చుంటుంది. పాత చార్టు వెనకాల మీరే స్కేలు పెట్టి 10 నిలువు, 10 అడ్డం గళ్ళు గీసి, ప్రతి వరసా ఎడమ నుంచే మొదలుపెట్టండి, కింద 1-10, దాని పైన 11-20. ఇప్పుడు 23 పైన 33 ఉంటుంది, ఆ పైన 43. పది కలపడమంటే ఒక గడి పైకెక్కడం, పది తీసెయ్యడమంటే ఒక గడి దిగడం. 100 పూర్తయ్యే లోపే పిల్లలు ఇది వాళ్ళంతట వాళ్ళే కనిపెడతారు. పాములు కూడా వాళ్ళనే గియ్యమనండి. నా దగ్గర ఒక పిల్ల 99 నుంచి 2కి పాము గీసి, ఎన్ని మెట్లు జారుతుందో పక్కన 97 అని రాసి, ఆ వారమంతా దాన్నే అందరికీ చూపించుకుంది.

ఇప్పుడు మీ అసలు బాధకి వద్దాం, ఆట వచ్చినా పరీక్ష రాకపోవడం. దీని మీద కూడా మన దేశంలోనే పని జరిగింది. ఎలిజబెత్ స్పెల్కీ, ఎస్తేర్ డఫ్లో అనే పరిశోధకుల బృందం ఢిల్లీలో 214 ప్రీస్కూళ్ళలో 1,540 మంది పిల్లల్ని తీసుకుని, కొన్ని చోట్ల లెక్కల ఆటలు, కొన్ని చోట్ల వేరే ఆటలు ఆడించి, మిగతా చోట్ల ఏమీ మార్చకుండా వదిలేసి చూశారు. 2017లో ఫలితాలు బయటపెట్టారు. చుక్కల గుంపుల్లో ఏది పెద్దది, ఏ ఆకారం తేడాగా ఉంది లాంటి ఆటలవి. ఆ చూపు, ఆ అంచనా పిల్లల్లో బాగా పెరిగాయి, చాలా నెలలు నిలిచాయి కూడా. ఒకటో తరగతికొచ్చాక బడి లెక్కల్లో మాత్రం తేడా కనపడలేదు. అచ్చం మీ ఇంటి కథే. 2025లో వచ్చిన ఇంకో అధ్యయనంలో డఫ్లోతో పాటు ఆర్థికవేత్త అభిజిత్ బెనర్జీ కూడా ఉన్నారు. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో సామాన్లు అమ్మే పిల్లలు బేరం దగ్గర నోటితో టకటకా లెక్క కట్టేస్తారు, అలాంటి లెక్కే బడి పద్ధతిలో రాసిస్తే ఆగిపోతారు. బడి పిల్లలు కాగితం మీద మెరుగు, బజారు లెక్క ఇస్తే తెల్లమొహం. ఒక ఒడ్డున నేర్చింది రెండో ఒడ్డుకి దానంతటది ఈదుకుంటూ పోదు, మనమే పడవ వెయ్యాలి.

ఆ పడవ ఏంటో మీ పాప తీసివేతల మీదే చెబుతాను. 52లోంచి 17 తియ్యమంటే 45 రాస్తోంది కదా? మీరు చెప్పకపోయినా పందెం కడతాను. 7లోంచి 2 తీస్తే 5, 5లోంచి 1 తీస్తే 4. పెద్దదాంట్లోంచి చిన్నది తియ్యాలని ఒకటో తరగతిలో చెప్పాం, పాపం ఆ మాట నిలబెట్టుకుంటోంది. దీనికి మేం ఆడే ఆట బ్యాంకు. నిజం రూపాయి నాణేలు ఒక ఇరవై ముప్పై పోగెయ్యండి, పది రూపాయల నోట్లు నిజమైనవే పదిహేను ఇరవై, వంద నోట్లు రెండు మూడు. రెండు పాచికలు. బ్యాంకు మీరు. పందెం ఎంత పడితే అంత బ్యాంకు నుంచి తీసుకోవాలి, ఎవరి దగ్గరా ఎప్పుడూ పది నాణేలు ఉండకూడదు, పది అయితే నోటుకి మార్చుకోవాల్సిందే. ముందు వందకి చేరినవాళ్ళు గెలిచినట్టు. పదిహేను పందేలకి అటూ ఇటూగా తేలిపోతుంది. ఇది కూడిక, వారంలో వచ్చేస్తుంది.

అసలు మజా తిరగేసి ఆడినప్పుడు. ఒక్కొక్కరి చేతిలో ఒకే ఒక్క వంద నోటు. పడినంత బ్యాంకుకి కట్టాలి, ముందు ఎవరిది ఖాళీ అయితే వాళ్ళు గెలుపు. పోయినేడు ఒక మూడో తరగతి అమ్మాయికి మొదటి పందెమే 7 పడింది. నోటు వంక చూసింది, నా వంక చూసింది.

'మిస్, నా దగ్గర సెవెన్ లేదు.'

'డబ్బుల్లేవా?'

'ఉన్నాయి, హండ్రెడ్ ఉంది. సెవెనే లేదు.'

నేను ఏమీ అనలేదు. కాసేపు నోటు అటూ ఇటూ తిప్పింది. పక్కనున్న వాడు నోరు తెరవబోతే వాడి మోకాలి మీద చెయ్యి వేసి ఆపాను. తర్వాత నోటు నా ముందు పెట్టి, 'చేంజ్ ఇవ్వండి' అంది. పది రూపాయల నోట్లు పది ఇచ్చాను. మళ్ళీ ఆలోచన. అందులో ఒక నోటు వెనక్కిచ్చి, 'దీనికి కూడా' అంది. పది నాణేలిచ్చాను. ఏడు లెక్కపెట్టి కట్టింది, మిగిలింది తొమ్మిది నోట్లు, మూడు నాణేలు. '93!' అని అరిచింది, అడగకుండానే.

ఇక్కడితో వదిలేస్తే అది ఆట. అప్పుడే కాగితం తీయించాలి. 100 కింద 7 రాయించి, 'ముందేం చేశావు?' అంటే 'వంద ఇచ్చేశా', అయితే ఒకటి కొట్టెయ్. 'పది నోట్లొచ్చాయి', పదుల మీద 10 రాయి. 'అందులో ఒకటి ఇచ్చేశా', దాన్ని 9 చెయ్యి, ఒకట్ల మీద 10 రాయి. చేతిలో జరిగిందే కాగితం మీద గీత గీతకీ పడుతుంది. ఆ రోజు నుంచి ఆ పిల్లకి పైన కొట్టివేతలు ఏదో మిస్ నేర్పిన మంత్రంలా కాకుండా తను చేసిన పనికి గుర్తులుగా కనిపించాయి. మొదటి వారం ప్రతి పందేనికీ రాయించక్కర్లేదు, ఆట చచ్చిపోతుంది. ఆటకి రెండు మూడు సార్లు చాలు, చిల్లర మార్చాల్సి వచ్చిన పందేలకి మాత్రం.

'అప్పు తెచ్చుకోవడం' అనే మాట దయచేసి వాడకండి. ఒకడు నన్ను 'మిస్, మరి తిరిగి ఎప్పుడిస్తాం?' అని అడిగాడు, నా దగ్గర జవాబు లేదు. చిల్లర మార్చడం అనండి, జరిగేది అదే. అయితే మన పిల్లలకి చిల్లర ఎక్కడ కనిపిస్తోంది? మా పిల్లల చిన్నప్పుడు బీఎంటీసీ కండక్టర్ టికెట్ వెనకాల బాకీ రాసిస్తే దిగేదాకా పిల్లలు ఆ అంకె వైపే చూస్తుండేవాళ్ళు. ఇప్పుడు సొప్పు, అదే ఆకుకూరలు, అమ్మే తోపుడు బండికి కూడా క్యూఆర్ కోడే. అందుకే ప్లాస్టిక్ బొమ్మ డబ్బులు వద్దు, నిజమైనవి ఇవ్వండంటాను. పదిసార్లు చేతులు మారితే గానీ పదికీ వందకీ ఉన్న చుట్టరికం తలకెక్కదు.

గుణకారానికి మా సెల్లార్లో అందరికీ ఇష్టమైన ఆట 'సైట్లు'. బెంగళూరులో పుట్టిన పిల్లలకి సైట్ అంటే ఇంటి స్థలమని చెప్పక్కర్లేదు, ఇంట్లో నాన్నలు థర్టీ ఫార్టీ, ట్వెంటీ థర్టీ అని రాత్రింబవళ్ళు అవే మాట్లాడుకుంటుంటారు. ఒక గళ్ళ కాగితం, అదే లేఅవుట్. రెండు పాచికలు వేసి, 4, 6 పడితే 4 గళ్ళు అడ్డం 6 గళ్ళు నిలువు పెట్టి సైట్ గీసి, లోపల 24 అని రాసి రంగు వెయ్యాలి. తర్వాతి వాళ్ళు మిగిలిన జాగాలో. జాగా చాలక సైట్ పట్టకపోతే ఆ పందెం పోయినట్టు. మూలల్లో ఇరుకు సందులు మిగిలిపోయాక 1, 5 పడాలని దండాలు పెట్టుకుంటారు.

ఇందులో రెండు సంగతులు దొరుకుతాయి. 4×6 గీసినా 6×4 గీసినా గళ్ళు అవే, కాగితం తిప్పి చూపిస్తే చాలు. రెండోది ఇంకా ముఖ్యం. 7×6 రానివాళ్ళకి ఆ సైట్‌ని పాచికలు లేకుండా విడిగా గీయించి, అన్నదమ్ముల్లా పంచమంటాను, 5×6 ఒకడికి, 2×6 ఒకడికి. 30, 12 కలిస్తే 42. ఏడో ఎక్కం మర్చిపోయినా ఇక భయం లేదు. నాలుగో తరగతి వాళ్ళకైతే థర్టీ ఫార్టీ సైట్ ఎన్ని చదరపు అడుగులో అడుగుతాను. 3×4 పన్నెండు, రెండు సున్నాలు, 1200. ధర అడగొద్దని ముందే చెబుతాను, పెద్దవాళ్ళకి కళ్ళు తిరుగుతాయి.

ఇంకోటి హౌసీ, అదే తంబోలా. ఉగాదికి, దసరాకి ప్రతి అపార్ట్‌మెంట్‌లో ఆడేదే, కాకపోతే టికెట్ పిల్లలే రాసుకుంటారు. 1 నుంచి 36 లోపు తమకి నచ్చిన తొమ్మిది అంకెలు, మూడు వరసలు. నేను రెండు పాచికలు వేసి గుణిస్తే ఎంతో అది కొట్టెయ్యాలి, కానీ నేను జవాబు చెప్పను, 'మూడు ఐదులు' అంటాను, అంతే. మొదటిసారి అందరూ తమ పుట్టినరోజులు, లక్కీ నంబర్లు రాస్తారు. ఒక అబ్బాయి 7 రాసుకుని అరగంట ఎదురుచూశాడు, ధోనీ నంబరట. రాదు కదా, పాచిక మీద ఏడే లేదు, ఆరు లోపు ఏ రెండింటిని గుణించినా ఏడు రాదు. రెండో ఆటకి 7, 11, 13, 17 అన్నీ టికెట్ల మీంచి మాయం. మూడో ఆటకి ఎవరో కనిపెట్టారు, 12 ఎక్కువ వస్తోందని. ఎందుకు? 2×6, 3×4, అటూ ఇటూ తిప్పితే నాలుగు దారులు. 6కి కూడా నాలుగే. 25కి ఒక్కటే. మొత్తం వచ్చే అంకెలు 36 కాదు, 18 మాత్రమే. ఈ 18నీ పిల్లలు తవ్వి తియ్యడానికి రెండు ఆదివారాలు పట్టింది, నేను చెప్పి ఉంటే రెండు నిమిషాల్లో అయిపోయేది, మూడో నిమిషంలో మర్చిపోయేవాళ్ళు.

మన పాత ఆటల గురించి మీరు విడిగా అడగలేదు గానీ, మీ అత్తగారు ఇంట్లోనే ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. ఈ మధ్య అష్టాచెమ్మా ఆడితే లెక్కలు వచ్చేస్తాయని, వామనగుంటలు ఆడితే మెదడు పెరుగుతుందని వాట్సాప్‌లో తెగ తిరుగుతున్నాయి. అంత లేదు. వాటిలో లెక్క ఉంది, కానీ దాన్ని పైకి లాగాలి. అష్టాచెమ్మా, ఇక్కడివాళ్ళు చౌకాబారా అంటారు, 25 గళ్ళు. బయటి చుట్టు 16, లోపలి చుట్టు 8, మధ్యలో పండే గడి ఒకటి. అంటే మన ఇంట్లోంచి బయల్దేరితే పండటానికి సరిగ్గా 24 అడుగులు. కాయ ఎక్కడుందో చూసి ఇంకెన్ని కావాలో చెప్పమని మధ్యమధ్యలో అడగండి, తీసివేత అక్కడే ఉంది. నాలుగు గవ్వలతో ఏది ఎన్నిసార్లు పడుతోందో యాభై పందేలకి గీతలు గీయించండి, ఐదోది అడ్డంగా. ప్రతి గవ్వకీ దాని వాటం ఉంటుంది కాబట్టి మీ లెక్కా మా లెక్కా ఒకటిగా రాదు, అదే సరదా.

వామనగుంటలు మాత్రం నాకు ప్రాణం. కన్నడంలో అళగుళి మణె, తమిళంలో పల్లాంగుళి, ఆట దాదాపు ఒకటే. 14 గుంటలు, గుంటకి ఐదేసి చింతపిక్కలు పెడితే 70. ఒక గుంట తీసి ఒక్కొక్కటే పంచుకుంటూ పోయి, చెయ్యి ఖాళీ అయ్యాక తర్వాతి గుంట తీసి మళ్ళీ పంచాలి, తర్వాతి గుంట ఖాళీగా ఉంటే దాని అవతలి గుంటలోవి మనవి. ఏ గుంట తీస్తే ఎక్కడ ఆగుతామో చూడగానే పట్టేసే ముసలమ్మలు ఉన్నారు, మా మేనత్త ఒకావిడ, బడి మొహం చూడలేదు. పిల్లలకి ఇది భాగహారానికి పునాది, 'ఒక్కొక్కటే సమానంగా పంచడం' చేతికి అలవాటవుతుంది. ఆట చివర చేతిలో ఉన్నవాటిని ఐదేసి కుప్పలు పెట్టించి, ఎన్ని గుంటలు నిండాయి, ఎన్ని మిగిలాయి అని రాయించండి. 38 ఉంటే 7 గుంటలు, 3 మిగులు. శేషం అంటే ఏంటో ఇంతకన్నా సులువుగా చెప్పడం నాకు రాదు. పులి-మేకలో అంకెలు లేవు, ఎత్తులు ఉన్నాయి, మంచిదే, కానీ తీసివేతలకి పనికి రాదు.

భాష సంగతి ఒకటుంది, బెంగళూరులో మన పిల్లలకి ఇది నిజంగా పెద్ద చిక్కు. బళ్ళో ఇంగ్లీషు, వీధిలో కన్నడ, ఇంట్లో తెలుగు. థర్టీన్ అంటే 31 రాసే పిల్లల్ని నేను లెక్కలేనంత మందిని చూశాను. వాళ్ళ తప్పేముంది, ఆ మాటలో మూడే ముందు వినిపిస్తుంది. థర్టీన్, థర్టీ రెండూ వెనక బెంచీలో ఒకేలా వినపడతాయి. పదమూడు అంటే పది, మూడు విడివిడిగా వినిపిస్తాయి. ఇరవై మూడు, ముప్పై మూడు ఇంకా తేట. కాబట్టి ఆటలో తెలుగులోనే పలికించండి, రాసేటప్పుడు ఇంగ్లీషులో చెప్పించండి. మన పాపకి తెలుగు అంకెలు ఇరవై దాటి రావంటారేమో, చాలా ఇళ్ళలో అంతే. నిచ్చెనల బోర్డు దానికే పనికొస్తుంది, రెండు వారాల్లో వంద దాకా వచ్చేస్తాయి, నాయనమ్మకి ఫోన్‌లో చెప్పి మురిసిపోయిన పిల్లలు ఉన్నారు.

ఇక మీ ఇంట్లో ముగ్గురి మాటా. టీచర్ అడిగిన వర్క్‌షీట్లు చేయించండి, కానీ ఇరవై లెక్కలున్న షీట్‌లో ఆరు చాలు, ఆ ఆరూ బ్యాంకు ఆట అయిన వెంటనే, నాణేలు పక్కనే పెట్టి. అత్తగారి మాట కొట్టిపారెయ్యొద్దు. ఎక్కాలు నోటికి రావాలి, ఇందులో నాకు రెండో మాట లేదు. రెండు, ఐదు, పది ముందు, తర్వాత మూడు, నాలుగు. అర్థమయ్యాక నోటికి రావడం వేరు, అర్థం కాకముందే రుద్దడం వేరు, అంతే తేడా. సైట్లు ఆడాక ఆవిడ పక్కన కూర్చుని ఎక్కం అప్పజెప్పించుకోమనండి, ఇద్దరికీ బాగుంటుంది. అబాకస్ మీద నాకు పగ లేదు, వేగం వస్తుంది. మీ పాపకి ఇప్పుడు కావాల్సింది వేగం కాదు, వేగం మాట ఎత్తితేనే కడుపునొప్పి వస్తోంది. ఇప్పటికి వద్దు. ఫోన్‌లో గడియారం పరిగెత్తే యాప్‌లు కూడా అందుకే వద్దంటాను.

ఆటలు పెట్టుకుంటే చదువు పోతుందని మీ ఆయనకి దిగులుంటే ఒక మాట చెప్పండి. కర్ణాటక ప్రభుత్వ బళ్ళలో చిన్న తరగతులకి నలి-కలి అని కార్డులతో, ఆటలతో చెప్పే పద్ధతి 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె తాలూకాలో మొదలై రాష్ట్రమంతా పాకింది. దానికి స్ఫూర్తి ఎక్కడిదంటే మన మదనపల్లె దగ్గర రిషివ్యాలీ పల్లె బళ్ళది. కొత్తగా పుట్టుకొచ్చిన ఫ్యాషనేం కాదు.

ఆడించేటప్పుడు మీరు టీచర్ అయిపోకండి, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. తప్పు పలికితే 'తప్పు' అనకండి, 'ఎలా వచ్చింది, నాకు చూపించు' అనండి, సగం సార్లు చూపిస్తూ చూపిస్తూ తనే దిద్దుకుంటుంది. ఒప్పు చెప్పినప్పుడు కూడా అప్పుడప్పుడు అదే అడగండి, లేకపోతే అమ్మ అడిగిందంటే తప్పేనని కనిపెట్టేస్తారు. కావాలని ఓడిపోకండి, పిల్లలకి తెలిసిపోతుంది. ఓడితే ఏడ్చే పిల్లయితే ఇద్దరూ ఒక జట్టుగా ఉండి బ్యాంకు మీద గెలిచేలా మార్చండి. ఇరవై నిమిషాలు, వారానికి నాలుగు రోజులు, ఇంకా ఆడాలని ఉండగానే ఆపెయ్యాలి. తమ్ముడో అన్నో ఉంటే వాడు జవాబు ముందే అరిచెయ్యకుండా వాడికి బ్యాంకు ఉద్యోగం ఇవ్వండి.

మొదలుపెట్టే ముందు ఆ 20కి 8 వచ్చిన పేపరు ఒకసారి తీసి పన్నెండు మార్కులూ ఎక్కడ పోయాయో చూడండి. 52లోంచి 17 తీస్తే 45 లాంటివైతే మూడు వారాలు తిరగేసిన బ్యాంకు ఒక్కటే ఆడండి, మిగతా ఆటలన్నీ అటక మీద పెట్టెయ్యండి. అలా కాకుండా 35కి బదులు 34, 36 రాస్తూ ఒకటి అటూ ఇటూ అవుతుంటే అది లెక్కపెట్టడంలో తప్పు, నిలబడ్డ గడిని కూడా కలిపి ఎంచుతోందన్న మాట, దానికి మీరు గీసిన నిచ్చెనల బోర్డు. ప్రశ్న చదవలేక వదిలేసినవైతే అది లెక్కల బాధే కాదు, ఇంగ్లీషు బాధ, ఆ ప్రశ్న తెలుగులో చదివి వినిపించి చూడండి.

గవ్వలు కావాలంటే పూజ సామాన్లు అమ్మే గ్రంథిగె అంగడిలో అడగండి, దొరుకుతాయి. దొరక్కపోతే నాలుగు చింతపిక్కలు తీసుకుని ఒక్కో దాన్నీ ఒక వైపు మాత్రం గచ్చు మీద తెల్లగా అయ్యేదాకా రుద్దండి, తెలుపు పైకి పడితే వెల్లకిలా అన్నట్టు. రుద్దే పని పాపకే ఇవ్వండి.